ఆపరేషన్‌కి ముందు పొట్ట కడుక్కోవాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది మల్కాజిగిరి. నాకు 43 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టాన్, అందులోనే నీరు తీసే మందు కూడా కలిసి ఉంది. మోకాళ్ళ నొప్పి ఎక్కువైనప్పుడు అసెక్లోఫెనాక్ వేసుకుంటాను. గుండెల్లో మంట రోజూ ఉంటుంది. మోషన్ మూడు నాలుగు రోజులకోసారి. బరువు తగ్గే ఆపరేషన్‌కి ఇంకా ఆరు వారాలు టైముంది. మొదట స్లీవ్ అన్నారు, ఎండోస్కోపీ చేశాక అన్నవాహిక చివర పుండ్లున్నాయి, హయటస్ హెర్నియా (పొట్ట పైభాగం కొంత ఛాతీలోకి జారడం) ఉంది, బైపాస్ చేద్దాం అంటున్నారు. హెచ్. పైలోరి కూడా ఉందని 14 రోజుల కిట్ ఇచ్చారు. వికారం, నోరంతా చేదు, రెండుసార్లు చేతులు వణికి చెమటలు పట్టాయి. భయమేసి ఐదో రోజున ఆపేశాను, ఎవరికీ చెప్పలేదు. మా ఆడపడుచు మూడు రోజులు ఆముదం తాగి పొట్ట కడుక్కోమంటోంది, పక్కింటావిడ డీటాక్స్ ప్యాకేజీ అంటోంది. మా అత్తయ్య మాత్రం తర్వాత ఎలాగూ తినలేవు, ఇప్పుడే అన్నీ తినెయ్యమంటున్నారు. చివరి రెండు వారాలు ద్రవాహారమే అన్నారు. పొట్టే చిన్నది చేసేటప్పుడు ముందు ఈ ఉపవాసం దేనికి? అసలు ఆపరేషన్‌కి పొట్టని, పేగుల్ని ఎలా సిద్ధం చేసుకోవాలి? ఇంకో ఐదు వారాల్లో మా అక్క కూతురి పెళ్ళి కూడా ఉంది.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఆముదం గురించి, కానీ నేను ఆగిపోయింది ‘ఎవరికీ చెప్పలేదు’ అన్న చోట. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ సమాధానంలో మిగతాదంతా తర్వాత చదువుకున్నా సరే, రేపు పొద్దున్నే మీ సర్జన్ దగ్గరకి ఫోన్ చేసి కిట్ ఐదో రోజున ఆపేశానని చెప్పండి. కోప్పడతారేమో అని ఆగొద్దు. కోప్పడినా చెప్పండి.

హెచ్. పైలోరి అంటే పొట్ట లోపలి పొరలో, అంత యాసిడ్ మధ్యలో కూడా బతకగలిగే బాక్టీరియా. మన దగ్గర చాలామంది పొట్టల్లో ఉంటుంది, ఉన్నట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు. పొట్టలో పుండ్లు కారం వల్ల, టెన్షన్ వల్ల వస్తాయని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో ఈ బాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగేసి, కొద్ది రోజుల్లోనే పొట్ట వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. ఆయనకీ, ఆయనతో కలిసి పనిచేసిన రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. అంత కష్టపడి కనిపెట్టిన సంగతి ఇవాళ మనకి రెండు వారాల మందులతో తీరిపోయే సమస్యగా చేతికొచ్చింది. దాన్ని మధ్యలో వదిలెయ్యడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మీ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మీకు చెయ్యబోయేది బైపాస్. అందులో పొట్ట పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచీ చేస్తారు, ఇరానీ హోటల్లో చాయ్ పోసే కప్పులో సగం కూడా ఉండదది. ఆ సంచీకి చిన్నపేగుని తెచ్చి కలుపుతారు. మిగిలిన పెద్ద పొట్టని తీసెయ్యరు, లోపలే ఉంటుంది, కానీ తిండి ఇక ఆ దారిన వెళ్ళదు. తిండి వెళ్ళని దారిలో మామూలు ఎండోస్కోపీ గొట్టం కూడా వెళ్ళలేదు. అంటే రేపు ఆ భాగంలో పుండు పడినా, ఇంకేదైనా వచ్చినా కంటితో చూడ్డం చాలా కష్టం. తలుపు మూసెయ్యబోయే గదిని మూసేముందే శుభ్రం చేసుకోవాలి కదా. మీ పొట్టకి కావాల్సిన శుభ్రం ఇదీ, దీనికి మందు ఆముదం కాదు, ఆ కిట్టే.

అయితే మిగిలిన తొమ్మిది రోజుల బిళ్ళలు ఇంట్లో ఉన్నాయి కదా అని మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి. సగంలో ఆగిన కోర్సు వల్ల బాక్టీరియా ఆ మందుకి అలవాటుపడిపోయి ఉండొచ్చు, డాక్టర్ వేరే మందుల కలయిక ఇవ్వాల్సి రావచ్చు. ఇంకో మాట, ఇది మీరు తప్పకుండా చెప్పాల్సిన మాట: ఆ చేతుల వణుకు, చెమటలు. మీరు భయపడింది సరైనదే. ఈ కిట్లలో చాలావాటిలో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది, అది గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మందుతో కలిసినప్పుడు షుగర్ బాగా పడిపోయే అవకాశం ఉంది. పైగా వికారం వల్ల ఆ రోజుల్లో మీరు సరిగ్గా తిని ఉండరు. అప్పుడు గ్లూకోమీటర్‌తో చూసుకుని ఉంటే తెలిసేది. ఈసారి కోర్సు మొదలుపెట్టే ముందే మీరు వేసుకునే ప్రతి బిళ్ళ పేరూ కాగితం మీద రాసి చూపించండి, కొలెస్టరాల్ బిళ్ళ ఉంటే అది కూడా, ఎందుకంటే ఈ మందుకి వాటిలో కొన్నిటితో అస్సలు పడదు. నోటి చేదు మందు వల్లే, కోర్సు అయిపోగానే పోతుంది. వికారానికి యాంటీబయాటిక్ బిళ్ళలు తిన్న తర్వాత వేసుకోవడం, రోజూ కప్పు పెరుగు తినడం కొంత సాయం చేస్తాయి. అప్పటికీ తట్టుకోలేకపోతే మీరే ఆపెయ్యకుండా ఫోన్ చెయ్యండి.

కోర్సు అయ్యాక బాక్టీరియా పోయిందో లేదో మళ్ళీ చూడాలి. ఊపిరి పరీక్షో, మల పరీక్షో చేస్తారు, యాంటీబయాటిక్స్ పూర్తయిన నాలుగు వారాల తర్వాత. పరీక్షకి రెండు వారాల ముందు నుంచి యాసిడ్ తగ్గించే గ్యాస్ బిళ్ళ ఆపాలి, లేకపోతే బాక్టీరియా ఉన్నా లేనట్టు చూపిస్తుంది. మీకు రోజూ మంట ఉందన్నారు కాబట్టి ఆ రెండు వారాలకి బదులుగా ఏం వేసుకోవాలో అడిగి పెట్టుకోండి. ఇప్పుడు లెక్క వెయ్యండి: 14 రోజుల మందు, నాలుగు వారాల ఆగడం. మీ దగ్గరున్న ఆరు వారాలూ దీనికే సరిపోయాయి. కాబట్టి డేటు రెండు మూడు వారాలు వెనక్కి జరగొచ్చు. జరిగితే జరగనివ్వండి. సెలవు పెట్టేశాను, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పేశాను అని కంగారు పడకండి. ఇంకా ముప్ఫై ఏళ్ళు మోసే పొట్ట ఇది, మూడు వారాల కోసం తొందరపడొద్దు.

స్లీవ్ నుంచి బైపాస్‌కి మార్చారని మీకు కొంచెం గుబులుగా ఉన్నట్టుంది. స్లీవ్‌లో పొట్టని నిలువుగా కోసి ముప్పావు వంతు పైనే తీసేస్తారు, మిగిలేది సన్నటి గొట్టంలా ఉంటుంది, దాని లోపల ఒత్తిడి ఎక్కువ. అప్పటికే యాసిడ్ పైకి తన్నుతున్నవాళ్ళకి అది ఇంకా పెరగొచ్చు. బైపాస్‌లో ఆ చిన్న సంచీలో తయారయ్యే యాసిడే తక్కువ, అందుకే మంట చాలామందికి తగ్గుతుంది. ఎండోస్కోపీ చూసి నిర్ణయం మార్చుకున్న డాక్టర్ అంటే నాకు గౌరవమే. మార్చుకోకుండా ముందు అనుకున్నదే చేసేవాళ్ళని చూసి నేను భయపడతాను.

ఇక ఆముదం. మీ ఆడపడుచు ప్రేమతోనే చెబుతోంది, మన చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఇంటిల్లిపాదికీ ఆముదం పట్టించిన రోజులు నాకూ గుర్తే. కానీ ఇక్కడ దాని అవసరమే లేదు. పెద్దపేగుకి ఆపరేషన్ చేసేటప్పుడో, కొలనోస్కోపీ చేసేటప్పుడో పేగు ఖాళీగా ఉండాలి, అందుకే నీళ్ళలో పొడి కలిపి తాగిస్తారు. మీ ఆపరేషన్ పొట్ట మీదా చిన్నపేగు మీదా జరుగుతుంది, పెద్దపేగు జోలికి వెళ్ళరు. కాబట్టి మామూలుగా ఎనిమా కూడా అక్కర్లేదు. అవసరం లేకపోవడం ఒక్కటే అయితే తాగితే తాగారు అనేదాన్ని. మీరు వేసుకునే మందుల వరస చూడండి. బీపీ బిళ్ళలో నీరు తీసే మందుంది, డాపాగ్లిఫ్లోజిన్ కూడా మూత్రంలో చక్కెరతో పాటు నీటిని పంపించేస్తుంది, దాని మీద మూడు రోజులు విరేచనాలు పెట్టుకుంటే ఒంట్లో నీరూ, పొటాషియమూ పడిపోతాయి, కళ్ళు తిరుగుతాయి, కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. డీటాక్స్ ప్యాకేజీ పేరుతో అమ్మే పొడులూ టీలూ చాలావరకు విరేచనం మందులే, అందులో ఏం కలిపారో డబ్బా మీద పూర్తిగా ఉండదు కూడా. లివర్ వాపుతో వచ్చి, తీరా చూస్తే ఇలాంటి పొడి తాగుతున్నానని చెప్పినవాళ్ళని నేను చూశాను. పక్కింటావిడకి మర్యాదగా వద్దని చెప్పండి.

అలాగని మూడు నాలుగు రోజులకోసారి మోషన్ అన్న సంగతి వదిలెయ్యడానికి లేదు. ఆపరేషన్ తర్వాత నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగడమే గగనం, ఐరన్ బిళ్ళలు మొదలవుతాయి, నొప్పి మందుల వల్ల పేగు కదలిక మందగిస్తుంది. ఇప్పుడు మూడు రోజులైతే అప్పుడు వారం అవుతుంది. ఈ ఆరు వారాలు దీని మీద పనిచెయ్యండి. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, తోటకూర, గోంగూర, ఏదో ఒకటి పూటకో కప్పు కూర. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండు రెండున్నర లీటర్ల నీళ్ళు, కిడ్నీ, గుండె డాక్టర్లు ఎవరూ తక్కువ తాగమని చెప్పి ఉండకపోతే. టీచర్లు నీళ్ళెందుకు తాగరో నాకు తెలుసు, పీరియడ్ల మధ్య బాత్రూమ్‌కి వెళ్ళే టైముండదని. సీసా మీద గీతలు పెట్టుకుని ఇంటర్వెల్‌కి ఒక గీత, లంచ్‌కి ఒక గీత దిగేలా చూసుకోండి. రాత్రి పూట ఇసబ్‌గోల్ ఒక చెంచా పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోవచ్చు, కానీ బిళ్ళలు వేసుకునే టైముకి దూరంగా, ఆపరేషన్ అయ్యాక మాత్రం డాక్టర్ సరే అనేదాకా ముట్టుకోవద్దు. అది నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆ చిన్న సంచీ దగ్గర అడ్డం పడొచ్చు. ఇవన్నీ చేసినా కదలకపోతే లాక్టులోజ్ లాంటి మెత్తగా పనిచేసే మందు డాక్టరే రాస్తారు. ద్రవాహారం మొదలయ్యాక మోషన్ తగ్గితే బెంగ పడకండి, తిన్నదే తక్కువ కాబట్టి వచ్చేదీ తక్కువ.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పొట్టే చిన్నది చేసేటప్పుడు ఈ ఉపవాసం దేనికి అని. ఇది పొట్ట కోసం కాదమ్మా, లివర్ కోసం. లివర్ ఎడమ భాగం పొట్ట పైభాగం మీద గొడుగులా వాలి ఉంటుంది. చిన్న రంధ్రాల్లోంచి ఆపరేషన్ చేసేటప్పుడు సర్జన్ ఒక పనిముట్టుతో ఆ లివర్‌ని పైకెత్తి పట్టుకుని, కింద దాక్కున్న పొట్ట పైభాగాన్ని చూడాలి. మీ బీఎంఐ, అంటే ఎత్తుకీ బరువుకీ ఉన్న లెక్క, 45 దగ్గర ఉంది, షుగర్ ఉంది, లివర్‌లో కొవ్వు ఉండే అవకాశం చాలా ఎక్కువ. కొవ్వు పట్టిన లివర్ పెద్దగా, బరువుగా ఉంటుంది, ఎత్తబోతే ఇట్టే చిట్లి రక్తం కారుతుంది. లివర్ మనం తిన్న పిండి పదార్థాన్ని గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటుంది, ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్ళు కూడా పట్టి ఉంచుతుంది. పిండి పదార్థం, కొవ్వు బాగా తగ్గించి ప్రొటీన్ మాత్రం సరిపడా ఇస్తే ముందు ఆ నిల్వ, దాంతో నీళ్ళు, తర్వాత కొవ్వు కరుగుతాయి. రెండు వారాల్లోనే లివర్ కనిపించేంత చిన్నదవుతుంది, మెత్తబడుతుంది. తూకంలో ఎంత తగ్గారన్నది ఇక్కడ రెండో సంగతి.

ఒకాయన నా దగ్గరకి వచ్చేవాడు, పేరు వద్దు, పదకొండు రోజులు నిష్ఠగా ఉండి చివరి మూడు రోజుల్లో చుట్టాలింట్లో ఫంక్షన్ అని బిర్యానీ, ఖుర్బానీ కా మీఠా, మళ్ళీ బిర్యానీ తిన్నాడు. మూడు రోజులే కదా అనుకున్నాడు. గ్లైకోజెన్ నిండటానికి అంత టైము కూడా అక్కర్లేదు. ఆపరేషన్ బల్ల మీద లివర్ చూసి సర్జన్ చాలా ఇబ్బంది పడ్డారు, గంటన్నర పని మూడు గంటలైంది. ఆయన బాగానే ఉన్నాడు ఇప్పుడు, కానీ ఆ మూడు గంటలు బయట కూర్చున్న వాళ్ళావిడ ముఖం నేను మర్చిపోలేదు.

అందుకే మీ అత్తయ్యగారికి ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి, కోడలి మీద ప్రేమ ఉంటే ఈ ఆరు వారాలు తిండి పెట్టడంలో చూపించొద్దని. చివరిసారిగా తినెయ్యాలి అన్న ఆలోచన ఈ ఆపరేషన్‌కి వెళ్ళే చాలామందికి వస్తుంది, అది తిండి మీద బెంగ, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ మీరు జీవితాంతం బిర్యానీకి దూరం కావట్లేదు. ఏడాది తర్వాత రెండు మూడు చెంచాలు, నెమ్మదిగా నములుకుంటూ తినే చాలామంది నాకు తెలుసు.

ద్రవాహారం ఎలా ఉండాలో మీ ఆసుపత్రి డైటీషియన్ కాగితం ఇస్తారు, అదే మీకు శాసనం. ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల రోజుకో పూట కూరగాయలూ పనీరూ తిననిస్తారు. మొత్తానికి రోజుకి 800 నుంచి 1000 కేలరీల దగ్గర, ప్రొటీన్ 60 నుంచి 80 గ్రాముల దగ్గర ఉంటుంది. ఇక్కడ మన ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఒకటుంది. ద్రవం అనగానే రాగి జావ, బెల్లం వేసిన సగ్గుబియ్యం జావ, పండ్ల రసం, చెరకు రసం, పూటకో కొబ్బరి బోండాం మొదలుపెడతారు. పైకి ద్రవాలే, లోపలికెళ్తే లివర్‌ని మళ్ళీ నింపే చక్కెరే. కావాల్సింది వెన్న తీసిన పాలు, పల్చటి మజ్జిగ, వడగట్టిన పెసరకట్టు, నూనె తీసేసిన చికెన్ సూప్, ప్రొటీన్ పొడి. పెసరకట్టులో మిరియాలు, జీలకర్ర, కొంచెం అల్లం వేసుకుంటే పూట గడుస్తుంది, కానీ ప్రొటీన్ దాంట్లో తక్కువే, దాని మీదే ఆధారపడొద్దు. మూడో రోజు, నాలుగో రోజు తలనొప్పి, విసుగు, క్లాసులో పిల్లల మీద అరవాలనిపించడం ఉంటాయి. ఐదో రోజు నుంచి ఆకలి చాలామందికి సద్దుమణుగుతుంది. వీలైతే ఆ మొదటి నాలుగు రోజులు పరీక్షల డ్యూటీ లేకుండా చూసుకోండి.

ప్రొటీన్ పొడి గురించి ఒక చిన్న జాగ్రత్త. అందరూ చెప్పారని పెద్ద డబ్బా కొనెయ్యకండి. చిన్న ప్యాకెట్లు రెండు మూడు రకాలు తెచ్చి ఇప్పుడే తాగి చూడండి. కడుపుబ్బరం, గ్యాస్, నీళ్ళ విరేచనాలు వస్తే పాలలోని చక్కెర మీకు పడట్లేదేమో, అప్పుడు ఆ చక్కెర చాలావరకు తీసేసిన ఐసొలేట్ రకం వాడితే సరిపోతుంది, పాలకి బదులు నీళ్ళలో కలుపుకోవచ్చు. బైపాస్ తర్వాత పాలు పడనివాళ్ళు పెరుగుతారు కూడా, పెరుగు, మజ్జిగ వాళ్ళకి పడతాయి.

షుగర్ మందుల సంగతి మాత్రం ద్రవాహారం మొదలయ్యే ముందే తేలాలి, మొదలయ్యాక కాదు. ఇది చదివి మీరే ఏదీ ఆపెయ్యొద్దు, మీ షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఫలానా తేదీ నుంచి రోజుకి 800 కేలరీలే తింటానని చెప్పండి. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా షుగర్‌ని కిందికి తోస్తూనే ఉంటుంది, అందుకే తగ్గిస్తారు లేదా ఆపుతారు. డాపాగ్లిఫ్లోజిన్‌తో వేరే ప్రమాదం. పిండి పదార్థం బాగా తగ్గినప్పుడు ఈ మందు మీదున్నవాళ్ళకి రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే పదార్థాలు) పెరిగి రక్తం ఆమ్లంగా మారే జబ్బు రావచ్చు, అప్పుడు గ్లూకోమీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తుంది, అందుకే ఇంట్లోవాళ్ళు పసిగట్టలేరు. ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు దీన్ని ఆపుతారు, చాలామంది డాక్టర్లు ద్రవాహారం మొదలుపెట్టినప్పుడే ఆపిస్తారు. ఆ రోజుల్లో ఆగకుండా వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం వస్తే షుగర్ 150 ఉంది కదా అని ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళి, నేను ఈ మందు వాడుతున్నాను, కీటోన్లు చూడండి అని నోరు తెరిచి అడగండి. బీపీ బిళ్ళ డోసు కూడా మార్చాల్సి రావచ్చు. బరువు తగ్గడానికి మౌంజారో, వెగోవీ లాంటి ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, వాటి వల్ల పొట్ట ఖాళీ అవడం ఆలస్యమవుతుంది.

మోకాళ్ళకి వేసుకునే అసెక్లోఫెనాక్ ఇవాళే ఆపేస్తే మంచిది. బైపాస్ అయ్యాక పేగు అతికించిన చోట పుండు పడటానికి ఈ రకం నొప్పి బిళ్ళలు ఒక పెద్ద కారణం, సిగరెట్, ఖైనీ, గుట్కా ఇంకో కారణం. మీకు ఆ అలవాటు ఉందని రాయలేదు, కానీ ఉన్నవాళ్ళు ఎవరైనా ఈ ఆపరేషన్‌కి కనీసం ఆరు వారాల ముందు మానెయ్యాలి, మళ్ళీ మొదలుపెట్టకూడదు. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చు, పై పూతలు వాడొచ్చు. తర్వాత ఎవరైనా కొత్త డాక్టర్ నొప్పి బిళ్ళ రాస్తే నాకు బైపాస్ అయింది అని చెప్పడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

రక్త పరీక్షల్లో హీమోగ్లోబిన్ ఒక్కటి చూసి సరిపెట్టనివ్వకండి. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), బి12, ఫోలేట్, విటమిన్ డి అడగండి. తొమ్మిదేళ్ళుగా మెట్‌ఫార్మిన్, దాని మీద గ్యాస్ బిళ్ళలు, రెండూ బి12ని తగ్గించేవే. బైపాస్ తర్వాత ఐరన్, బి12 ఒంటికి పట్టడం ఇంకా తగ్గుతుంది, అందుకే బిళ్ళలు జీవితాంతం. ఖాళీ ఖజానాతో వెళ్ళడం కంటే ఇప్పుడే నింపుకుని వెళ్ళడం సులువు. ఐరన్ బిళ్ళకీ టీకీ మధ్య కనీసం గంట గ్యాప్ ఉండాలి, కాల్షియంకీ ఐరన్‌కీ మధ్య రెండు గంటలు. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్ళున్నాయో లేదో కూడా చూసి ఉంటారు, వేగంగా బరువు తగ్గేటప్పుడు రాళ్ళు పుడతాయి కాబట్టి తర్వాత ఆరు నెలలు ఒక మందు ఇవ్వడం మామూలే.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, నమలడం. మీరు లంచ్ బాక్సు ఎంతసేపట్లో తింటారు? పది నిమిషాలు? ఏడు? మన అన్నం తినే పద్ధతే అలాంటిది, పప్పు కలిపి ముద్ద చేసి నోట్లో వేస్తే నమలకుండానే జారిపోతుంది, మధ్యలో గ్లాసెడు నీళ్ళు, చివర్లో మజ్జిగ. ఆ 30 మిల్లీలీటర్ల సంచీకి ఇది అస్సలు కుదరదు. నమలని ముద్ద వెళ్ళి ఇరుక్కుంటే ఛాతీ పట్టేసినట్టు నొప్పి, నోట్లో నురగ, వాంతి. రోజుల తరబడి వాంతులైతే విటమిన్ బి1 పడిపోయి మెదడు, నరాలు దెబ్బతినేదాకా వెళ్తుంది. ఆపరేషన్ అయ్యాక నేర్చుకుంటానంటే నొప్పితో నేర్చుకోవాలి, ఇప్పుడైతే తీరిగ్గా నేర్చుకోవచ్చు. ఈ రోజు నుంచి చిన్న గిన్నె, పిల్లల చెంచా తీసుకోండి. చెంచా నోట్లో పెట్టాక కింద పెట్టెయ్యండి. పాతిక ముప్ఫై సార్లు నమలండి. ముందు కోడిగుడ్డో, పప్పో, చికెనో, తర్వాత కూర, ఆఖరున అన్నం. భోజనానికి ముందూ తర్వాతా అరగంట నీళ్ళు వద్దు, ఆ అరగంట దాటాక గుక్కెడు గుక్కెడుగా. మొదటి వారం పిచ్చెక్కినట్టు ఉంటుంది. స్కూల్లో బాక్సు పూర్తయ్యే లోపే బెల్లు కొట్టేస్తుంది, సగం మిగిలిపోతుంది. మిగలనివ్వండి. రాత్రి భోజనం ఎనిమిదికల్లా అయిపోతే, పడుకోవడానికి మధ్య మూడు గంటలు ఉంటే, ఆ గుండె మంట కూడా సగం తగ్గడం మీరే చూస్తారు. సోడాలు, కూల్ డ్రింకులు ఇప్పుడే మానెయ్యండి. చాయ్ రోజుకి నాలుగు తాగుతుంటే రెండుకి దిగండి, ఒక్కసారిగా మానితే ద్రవాహారం తలనొప్పికి ఇది తోడవుతుంది.

ఆపరేషన్ ముందు రోజు రాత్రి సంగతి ఆసుపత్రి వాళ్ళు చెప్పినట్టే. మామూలుగా ఘనాహారానికి ఆరు గంటలు, నీళ్ళకి రెండు గంటల గ్యాప్ అంటారు. షుగర్ ఎక్కువ ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి మీకు ఇంకా ఎక్కువ టైము చెప్పినా ఆశ్చర్యపోకండి.

మీ అక్క కూతురి పెళ్ళి ఐదు వారాల్లో అన్నారు. పాత డేటు ప్రకారం అయితే అది సరిగ్గా ద్రవాహారం మధ్యలో పడేది. ఈ వారంలో కొత్త కిట్ మొదలైతే పెళ్ళి నాటికి అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది, డేటు వెనక్కి జరిగితే ద్రవాహారం ఇంకా మొదలై ఉండదు. కాబట్టి సర్జన్‌కి ఫోన్ చేసినప్పుడు పెళ్ళి తేదీ కూడా చెప్పి కొత్త డేటు అడగండి. అప్పుడు పెళ్ళిలో అందరితో పాటు బంతిలో కూర్చోవచ్చు. చిన్న ప్లేటు పెట్టించుకుని, చికెన్ ముక్కలు ముందు తిని, బిర్యానీ నాలుగు చెంచాలు పెట్టుకుని, ఒక్కో చెంచా పాతికసార్లు నములుతూ పక్కవాళ్ళతో కబుర్లు చెప్పండి. వడ్డించేవాళ్ళు మళ్ళీ వస్తే ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టండి. ఎవరైనా ఏంటి ఇంతేనా అంటే మీ ఇష్టం, చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే పళ్ళు నొప్పి అనండి. ఊపిరి పరీక్ష రిపోర్టు వచ్చాక నాకు మళ్ళీ రాయండి, ఆ రెండు వారాల్లో ఏ పూట ఏం తాగాలో మీ ఆసుపత్రి కాగితం పక్కన పెట్టుకుని చూద్దాం.